పాత చెక్క ఫ్లోర్: అరగదీసి పాలిష్ పెట్టాలా, పీకేసి కొత్తది వేయాలా?

చెక్క ఫ్లోర్ వెలిసిపోయి, గీతలు పడి, అక్కడక్కడా నల్లబడితే చాలు, మొత్తం మార్చేయాలనిపిస్తుంది. పైకి కనిపించేదాన్ని బట్టి ఈ నిర్ణయం తీసుకుంటే అనవసరంగా డబ్బు పోతుంది. గీతలు, వెలిసిన రంగు, ఊడుతున్న పాలిష్ చాలావరకు పైపొర వ్యవహారమే, సాండింగ్‌తో, అంటే గరుకు కాగితం మెషీన్‌తో పైపొర అరగదీస్తే, పోతాయి. తేల్చుకోవాల్సినవి రెండు: అరగదీయడానికి పైన చెక్క మిగిలి ఉందా, కింద తడి ఉందా.

ముందు మందం చూడండి. సాలిడ్ వుడ్ (పొరలు లేకుండా మొత్తం ఒకే చెక్క) పలక సాధారణంగా 19 మిల్లీమీటర్లు ఉంటుంది. అదంతా అరగదీయడానికి పనికిరాదు. పలక ఒక అంచున నాలుకలా పొడుచుకొచ్చిన భాగం పక్క పలక గాడిలోకి దూరి ఉంటుంది. ఆ నాలుకకు పైనున్న చెక్కే మనకు పనికొచ్చేది, అది కొత్తలో 6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మెషీన్‌తో పూర్తిగా సాండింగ్ చేసిన ప్రతిసారీ ఇంచుమించు ఒక మిల్లీమీటరు పోతుంది, చెయ్యి తిరగనివాళ్ళు చేస్తే ఇంకా ఎక్కువే పోతుంది.

కొలవాలంటే గుమ్మం దగ్గరి పట్టీనో, ఫ్లోర్‌లో ఉన్న గాలి జాలీనో తీసి, పలక తెగిన అంచు చూడాలి. గాడి పై అంచు నుంచి పలక పైముఖం దాకా స్కేలు పెట్టండి. స్కర్టింగ్ (గోడ అడుగున కొట్టే పట్టీ) కింద మాత్రం కొలవద్దు. పాత సాండింగ్ అప్పుడు స్కర్టింగ్ తీయకపోతే దాని కింద చెక్క అసలు మందంతోనే ఉండిపోతుంది, లెక్క తప్పుతుంది. అయితే అక్కడ కనిపించే మెట్టు ఎంత ఎత్తుంటే, గదిలో అంత చెక్క ఇప్పటికే పోయిందన్నమాట. అది తెలుసుకోవడానికి స్కర్టింగ్ తీసి చూడొచ్చు.

3 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే సాండింగ్‌కి వెనకాడక్కర్లేదు. 2 నుంచి 3 మధ్య ఉంటే అదే చివరిసారి, పనితనం ఉన్నవాళ్ళకే అప్పగించాలి. 2 కంటే తగ్గితే గాడి పై పెదవి పలచబడి నడకకే చీలుతుంది. పలకల అంచుల్లో సన్నటి పేళ్ళు లేవడం, నాలుకలోకి కొట్టిన మేకుల తలలు బయటపడటం ఆ స్థితికి గుర్తులు. పాత ఇళ్ళలో పైనుంచే మేకులు కొట్టిన ఫ్లోర్లూ ఉంటాయి. వాటి తలలు వరసగా, సమాన దూరంలో కనిపిస్తాయి, వాటిని చూసి కంగారు పడొద్దు.

తెగిన అంచులో ప్లైవుడ్‌లా పొరలు కనిపిస్తే అది ఇంజనీర్డ్ వుడ్. పైన అసలు చెక్క పొర 2 మిల్లీమీటర్ల లోపుంటే డ్రమ్ సాండర్ (తిరిగే డ్రమ్‌కు గరుకు కాగితం చుట్టిన పెద్ద మెషీన్) దగ్గరికి రానివ్వకండి. లామినేట్ అయితే పైనున్నది అచ్చువేసిన బొమ్మే, సాండింగ్ ప్రసక్తే లేదు.

ఇక తడి. పలకకు అడ్డంగా స్కేలు నిలబెట్టండి. అంచులు లేచి నడుమ దిగి ఉంటే కింది నుంచి తేమ ఎక్కుతోందని అర్థం. ఈ స్థితిలో సాండింగ్ చేయించడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. లేచిన అంచులు కోసుకుపోతాయి, తర్వాత చెక్క ఆరాక నడుమ భాగం ఉబ్బెత్తుగా నిలుస్తుంది. ముందు లీకేజీ ఆపాలి, తర్వాత ఆరనివ్వాలి. దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, చాలా పలకలు వాటంతటవే సర్దుకుంటాయి కూడా. తేమ మీటరుతో అనుమానమున్న చోటునీ, అదే ఫ్లోర్‌లో బాగున్న చోటునీ పోల్చి చూడండి. రెండు అంకెలూ దగ్గరపడే దాకా మెషీన్ తేవద్దు.

బూడిదరంగు మరకలు సాండింగ్‌తో పోతాయి. నల్లవి మొండివి. ఓక్ లాంటి చెక్కల్లో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థం, నీరు, ఇనుము కలిసి ఏర్పడ్డవైతే ఆక్సాలిక్ ఆసిడ్‌కి లొంగుతాయి. పెంపుడు జంతువుల మూత్రం లోపలిదాకా ఇంకితే ఆ పలక మార్చడమే మేలు. నల్లబడ్డ ప్రతిచోటా స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చండి. మెత్తగా దిగితే పుచ్చు, లోపల డొల్లగా ఉండి మట్టి రాలితే చెద. అలాంటి పలకలు చెదురుమదురుగా ఉంటే వాటినే మార్చవచ్చు. గదిలో మూడోవంతు దాటితే అతుకులకన్నా కొత్త ఫ్లోరే నయం. అతుకు రంగు కలవదని భయమైతే, అల్మరా లోపలి పాత పలకలు తీసి హాల్లో వేసి, కొత్తవి అల్మరాలో వేయండి. కిర్రుమనే చప్పుడు కోసం మాత్రం ఫ్లోర్ మార్చకండి. వదులైన పలకను కింది దూలానికి స్క్రూతో బిగిస్తే సాధారణంగా తగ్గిపోతుంది. నడిస్తే ఊగుతుంటే లోపం దూలాల్లో ఉంది, అది సరిచేయకుండా పైన ఏం చేసినా దండగే.

చాలామంది మరిచిపోయే మూడో దారి కూడా ఉంది. నడక ఎక్కువున్న చోట ఒక నీటి చుక్క వేయండి. చుక్క నిలిస్తే పాలిష్ బతికే ఉంది, 120 లేదా 150 నంబర్ గరుకు కాగితంతో (నంబర్ పెరిగేకొద్దీ నునుపు) లైట్‌గా రుద్ది ఒక కోటింగ్ వేస్తే సరిపోతుంది. వెంటనే ఇంకి చెక్క నల్లబడితే పూర్తి సాండింగ్ తప్పదు. కోటింగ్‌కి ముందు తెల్లగుడ్డకు మినరల్ టర్పెంటైన్ అద్ది రుద్దండి. పసుపో గోధుమరంగో అంటితే పాత మైనం ఉంది, దానిపై పాలియురెథేన్ (ఫ్లోర్‌కి వేసే పారదర్శకమైన కోటింగ్) నిలవదు, పొరలుగా లేస్తుంది.

సాండింగ్‌కే మొగ్గితే మేకుల తలల్ని 3 మిల్లీమీటర్ల లోపలికి దిగ్గొట్టి మొదలుపెట్టండి. గరుకు కాగితం 40, 60, 80, 100 నంబర్ల వరస తప్పొద్దు. మధ్యలో ఒకటి వదిలేస్తే ముతక గీతలు పాలిష్ పడ్డాకే బయటపడతాయి. డ్రమ్ తిరుగుతూ ఒక్క క్షణం నిలిచినా అక్కడ గుంట పడుతుంది, అందుకే మెషీన్ కదిలాకే డ్రమ్ దించాలి, ఆగకముందే లేపాలి. మెషీన్ సంచిలోని పొడి దానంతటదే వేడెక్కి అంటుకోగలదు, ఆ పూటే బయట పారబోయండి. పాత వార్నిష్‌లో సీసం, పాత నల్ల జిగురులో ఆస్బెస్టాస్ ఉండే వీలుంది, అనుమానముంటే ముందే పరీక్ష చేయించాలి.

మార్చాలనే తేలితే కొత్త పలకల్ని తేమ కుదిరేదాకా అదే గదిలో ఉంచాలి. గోడల వెంట 10 నుంచి 12 మిల్లీమీటర్ల సందు వదిలి వేయించండి, లేకపోతే వానాకాలంలో ఫ్లోర్ నడుమ లేస్తుంది. కొత్త మందం పాతదానికన్నా ఎక్కువైతే తలుపుల అడుగు కోయాల్సి వస్తుంది, వడ్రంగితో ఆ సంగతి ముందే మాట్లాడుకోండి.