గుంటూరులో టీ కొట్టు పెడుతున్నారా? టీ తాగేవాళ్ళం ఏం చూస్తామో చెప్తా వినండి

టీ కొట్టు పెడదాం అనుకునేవాళ్ళు ముందు ఫ్రాంచైజీ ఎంత, బోర్డు ఏ రంగు, మెనూలో ఎన్ని రకాలు పెట్టాలి అని ఆలోచిస్తారు, చాక్లెట్ టీ బాదం టీ గులాబీ టీ అని ఇంత పొడుగు లిస్టు రాయిస్తారు. తాగేవాళ్ళు అడిగేది అది కాదండీ. నిన్న తాగిన టీ ఇవాళ కూడా అలాగే ఉండాలి, పొద్దున ఆరింటికి ఎలా ఉందో సాయంత్రం ఆరింటికి కూడా అలాగే ఉండాలి. మిగతావన్నీ దాని తర్వాతే. టీ కాచే మాస్టర్ సెలవు పెట్టిన రోజు రుచి మారిపోయే కొట్టుకి ఎవరూ అలవాటు పడరు, మన ఊళ్ళో ఏ సెంటర్లో చూసినా పక్కపక్కనే కొట్లు ఉంటాయి, ఒకసారి నీళ్ళ టీ పోస్తే మనిషి ఏమీ అనడు, గొడవ పడడు, రేపటి నుంచి పక్క కొట్టు దగ్గర కనపడతాడు అంతే.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆ చోట పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కాసేపు నిలబడి చూడండి, ఎవరు వస్తున్నారు ఎందుకు వస్తున్నారు అని. ఒక్క గుంటూరులోనే సెంటర్ సెంటర్‌కీ టీ మారిపోతుంది. మిర్చి యార్డు వైపు అయితే జనవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్, రాత్రంతా టిక్కీల (మిర్చి బస్తాల) లోడుతో బళ్ళు దిగుతానే ఉంటాయి, తెల్లారకముందే హమాలీలు, డ్రైవర్లు, సరుకు తెచ్చిన రైతులు లేచి ఉంటారు, గొంతులో ఆ ఘాటు, తుమ్ములు, వాళ్ళకి కావాల్సింది గట్టిగా, తీపిగా, అల్లం బాగా తగిలే టీ, అదీ గ్లాసు నిండా. పొద్దున ఏడింటికి తలుపు తీసి కూర్చుంటే అప్పటికే సగం బేరం అయిపోయి ఉంటుంది. శని ఆదివారాలు యార్డు ఉండదు, ఎండాకాలం సెలవులు కూడా ఇస్తారు, ఆ రోజుల్లో అద్దె ఎక్కడి నుంచి వస్తుందో ముందే లెక్క వేసుకోండి.

అదే ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్ దగ్గరో కొత్తపేట హాస్పిటళ్ళ సందుల్లోనో అయితే మనుషులే వేరు. వచ్చేది పేషెంటు తాలూకు వాళ్ళు, పల్నాడు నుంచి ప్రకాశం నుంచి వచ్చిన వాళ్ళు, రాత్రి నిద్ర లేదు, చేతిలో ఫ్లాస్క్ ఉంటుంది, టీ కంటే ముందు వేడి నీళ్ళు ఉన్నాయా అని అడుగుతారు, పంచదార వెయ్యని పాలు ఇస్తారా అని అడుగుతారు. అక్కడ కొట్టు పెడితే వేడి నీళ్ళకి డబ్బులు తీసుకోకండి, ఇది నేను చేతులు జోడించి చెప్తున్నా. ఫ్లాస్క్‌ని ముందు వేడి నీళ్ళతో కడిగి అప్పుడు పాలు పొయ్యండి, ఎక్కువసేపు వేడిగా ఉంటాయి. అర్ధరాత్రి దాటాక కూడా ఒక మనిషి ఉండేలా చూసుకోగలిగితే ఆ వీధిలో మీ కొట్టు పేరు చెప్పి దారి చెప్తారు.

బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో అయితే కుర్రాళ్ళు, కోచింగ్ పిల్లలు, చుట్టుపక్కల షాపుల్లో పనిచేసేవాళ్ళు, వాళ్ళకి నిలబడి మాట్లాడుకోడానికి చోటు కావాలి. ఎన్టీఆర్ స్టేడియం వైపు పొద్దున్నే వాకింగ్ వాళ్ళు, వాళ్ళల్లో చాలామందికి షుగర్, పంచదార లేని టీ అడుగుతారు. పట్నంబజార్లో అయితే మనిషి కొట్టు దగ్గరికే రాడు, గుమాస్తా ఫోన్ చేస్తాడు, క్యారియర్ పట్టుకుని మీరే వెళ్ళాలి.

ఇప్పుడు అసలు సంగతి, టీ. మన దగ్గర రెండు పద్ధతులు ఉన్నాయి, ఒకటి డికాషన్ వేరే పాలు వేరే పెట్టి గ్లాసులో కలిపి ఇచ్చేది, రెండోది అన్నీ ఒకే గిన్నెలో వేసి మరిగించేది. రెండోది చిక్కగా ఉంటుంది నిజమే, కానీ ఒకరికి స్ట్రాంగ్, ఒకరికి లైట్, ఇంకొకరికి పంచదార తక్కువ అని వచ్చినప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు. కొత్తగా పెట్టేవాళ్ళకి నేను డికాషన్ పద్ధతే చెప్తాను. అలా కాదు గిన్నె టీయే పెడతాం అంటే, పంచదార లేని టీ పక్కన చిన్న గిన్నెలో విడిగా పెట్టుకోండి, షుగర్ ఉన్న మనిషికి “ఇప్పుడు లేదండీ, కాసేపు ఆగండి” అని చెప్పే కొట్టుకి అతను మళ్ళీ రాడు, అతనితో వచ్చే నలుగురూ రారు.

కొలతలు కావాలి అంటే గిన్నె టీకి నా లెక్క ఇది. లీటరు ఫుల్ క్రీమ్ పాలకి 400 నుంచి 450 మిల్లీలీటర్ల నీళ్ళు, టీ పొడి 35 నుంచి 40 గ్రాములు, పంచదార 110 గ్రాములు, అల్లం 25 గ్రాములు, మరిగి తగ్గగా చిన్న కప్పులు 14, 15 దాకా వస్తాయి. ముందు నీళ్ళల్లో దంచిన అల్లం వేసి బాగా తెర్లనివ్వాలి, తర్వాత పొడి, రంగు దిగాక పంచదార, ఆ తర్వాత విడిగా కాచిన పాలు. పచ్చి అల్లం ఇంకా మరగని వేడి పాలల్లో వేస్తే పాలు విరగొచ్చు, అల్లంలో పాలని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఉంటుంది, నీళ్ళల్లో మరిగితే అది పనిచెయ్యదు, అందుకే ఈ వరస. యాలక్కాయ దింపే ముందు వెయ్యండి, మొదట్లోనే వేస్తే వాసన అంతా ఆవిరితో పోతుంది. పాలు పోశాక రెండు మూడు పొంగులు రానిచ్చి దించేయండి, అదే పనిగా మరిగిస్తే చిక్కదనం వస్తుంది అనుకుంటారు, రంగు వస్తుంది కానీ వగరు కూడా వస్తుంది, నాలుక మీద గరుగ్గా తగులుతుంది. ఆ వగరు కప్పిపెట్టడానికి పంచదార ఎక్కువ వేస్తారు, అప్పుడు అది టీ కాదు పాకం.

పాల దగ్గర కక్కుర్తి వద్దు. ఫుల్ క్రీమ్ ప్యాకెట్లో 6 శాతం వెన్న ఉంటుంది, టోన్డ్‌లో 3 శాతమే, సంగం అయినా విజయ అయినా ఏదో ఒకటి పట్టుకుని అదే వాడండి, ఈ వారం ఒకటి వచ్చే వారం ఇంకోటి అంటే నీళ్ళ కొలత మొత్తం మారిపోతుంది. గేదె పాలు పోయించుకుంటే ఇంకా మంచిది కానీ ఒక రోజు చిక్కగా ఒక రోజు పల్చగా వస్తే మీరే రోజూ చూసుకుని సర్దుకోవాలి. పొడి విషయంలో ఒట్టి డస్ట్ (మెత్తటి పొడి) వేస్తే రంగు త్వరగా దిగుతుంది, వగరూ త్వరగానే దిగుతుంది, కాస్త పెద్ద పలుకుల పొడి మూడో వంతు కలపండి. విడిగా కిలోల లెక్కన చవగ్గా వచ్చే పొడి తీసుకునేటప్పుడు తెల్ల ఫిల్టర్ పేపర్ మీద చల్లి నీళ్ళు చిలకరించండి, కాసేపటికి పొడి దులిపేసి పేపర్ని పంపు కింద కడిగి వెలుతురుకి పెట్టి చూడండి, ముదురు మరకలు ఉండిపోతే రంగు కలిపినట్టే, వాడిన పొడిని ఎండబెట్టి రంగేసి అమ్మేవాళ్ళు ఉన్నారు. నీళ్ళు కూడా చూసుకోవాలి, ఉప్పటి బోరు నీళ్ళతో పెట్టిన టీ చప్పగా ఉంటుంది, పైన తెట్టు కడుతుంది, క్యాను నీళ్ళకి పెట్టే డబ్బులు దండగ కాదు.

ఫ్లాస్క్‌లో పోసి పెట్టిన టీ అరగంట దాటితే రుచి తేడా తెలిసిపోతుంది. తక్కువ తక్కువగా పెట్టండి, ఎక్కువసార్లు పెట్టండి. మిగిలిన టీలో కొత్త పాలు పోసి మళ్ళీ మరిగించే పని మాత్రం చెయ్యకండి, మొదటి గుటకలోనే దొరికిపోతుంది.

తర్వాత గ్లాసు. గాజు గ్లాసులో టీ తాగడం చాలామందికి ఇష్టం, చేతికి వేడి తెలుస్తుంది, రంగు కనపడుతుంది, కానీ అదే బకెట్లో అవే నీళ్ళల్లో ముంచి తీస్తుంటే చూసి పేపర్ కప్పు అడుగుతారు. వాళ్ళు పేపర్ కప్పు అడుగుతున్నారంటే మీ బకెట్ని చూసి భయపడుతున్నారని అర్థం చేసుకోండి. పంపు కింద పారే నీళ్ళల్లో సబ్బుతో కడిగి, చివర్లో బాగా వేడి నీళ్ళల్లో ముంచి, బోర్లా పెట్టండి, అదీ తాగేవాళ్ళకి కనపడే చోట చెయ్యండి. పేపర్ కప్పు ఏదో శుభ్రం అనుకుంటాం, లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళు పరీక్ష చేస్తే వేడి నీళ్ళు 15 నిమిషాలు ఉంచేసరికి 100 మిల్లీలీటర్లలోకి 25,000 దాకా మైక్రోప్లాస్టిక్ రేణువులు దిగాయి. ఒట్టి ప్లాస్టిక్ కప్పులు అయితే 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధమే. వేడి వేడి టీ పాలిథిన్ కవర్లో పోసి ముడేసి పార్శిల్ ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు, దయచేసి అది మానెయ్యండి, నాలుగు చిన్న స్టీలు ఫ్లాస్కులు కొనిపెట్టుకుని డిపాజిట్ తీసుకుని ఇవ్వండి, మర్యాదగా తెచ్చిస్తారు. బజ్జీలు సమోసాలు కూడా పెడితే పేపర్ ముక్కలో చుట్టి ఇవ్వకండి, ఆ ఇంకు నూనెకి అంటుకుంటుంది, ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల్లో న్యూస్‌పేపర్ వాడకూడదని ఉంది. ఎలాగూ ఆ రిజిస్ట్రేషన్ చిన్న కొట్టుకైనా తప్పదు, తీసుకుని నంబర్ కనపడేలా పెట్టండి. గ్యాస్ కూడా కమర్షియల్ సిలిండరే వాడాలి, ఇంటి బండ కొట్లో పెట్టకూడదు.

ఒక విషయం ఎవరూ చెప్పరు, ఆడవాళ్ళకి మన టీ కొట్ల దగ్గర నిలబడే చోటు లేదు. కాలేజీ పిల్లలు, నర్సులు, బట్టల షాపుల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడి పనిచేసే అమ్మాయిలు, వీళ్ళందరికీ టీ కావాలి, కొట్టు చుట్టూ సిగరెట్ పొగ, ఎగాదిగా చూసే మొహాలు ఉంటే ఎవరొస్తారు? సిగరెట్లు అమ్మకుండా నడిపించగలిగితే అంతకంటే మంచిది లేదు. ఆదాయం పోతుంది అంటారు, పోయేది నిజమే, కానీ పొగ లేని కొట్టుకి కుటుంబాలు వస్తాయి, వాళ్ళు టీతో పాటు బిస్కెట్లు, బన్ను, కేకు కూడా తీసుకుంటారు. స్కూలు కాలేజీలకి 100 గజాల లోపల అయితే చట్టం ప్రకారం అసలు అమ్మనే కూడదు. ఒక పక్కగా బెంచీ, నెత్తిన నీడ, రాత్రిపూట మంచి లైటు, ఇవి పెట్టండి, “ఏం కావాలమ్మా” అని మామూలుగా అడిగి మామూలుగా ఇవ్వండి, ఇంకేం అక్కర్లేదు.

మనిషిని గుర్తుపెట్టుకోండి. “బాబాయ్, నీది పంచదార తక్కువ కదా” అని కొట్టువాడే ముందు అంటే ఆయన మనసు నిండిపోతుంది. “అన్నా వన్ బై టూ” అని ఇద్దరు కుర్రాళ్ళు వస్తే మొహం చిట్లించకండి, రేపు ఉద్యోగం వచ్చాక ఆఫీసు మొత్తాన్ని మీ దగ్గరికే తీసుకొస్తారు. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి మూడూ వేయించండి, అందరి రాజకీయం అందరికీ దొరుకుతుంది. మీరు మాత్రం ఏ పక్కా మాట్లాడకండి, ఎలక్షన్ల టైములో అసలే వద్దు. టీ అయిపోయినా కూర్చున్నాడని లేపకండి, పని మధ్యలో ఆ కాసేపు కూర్చోడానికే మనిషి వచ్చాడు, మరీ రద్దీగా ఉంటే “అన్నా కొంచెం జరుగుతావా” అంటే చాలు.

డబ్బుల దగ్గర గొడవ లేకుండా చూసుకోండి. ఫోన్‌పే స్కానర్ గ్లాసు పెట్టే చోటే ఉండాలి, సౌండ్ బాక్స్ పెడితే “పడిందా అన్నా” అని ఫోన్ ఎత్తి చూపించే పని తప్పుతుంది. చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టకండి, అది చాలామందికి చిరాకు. ఖాతా ఇస్తే షాపులకి, కమిషన్ కొట్లకి ఇవ్వండి, నెల నెలా తేదీ పెట్టి వసూలు చేసుకోండి, విడి మనుషులకి ఖాతా ఇస్తే డబ్బులూ పోతాయి మనిషీ మొహం చాటేస్తాడు.

ఏప్రిల్ మే నెలల్లో మన ఎండలకి మధ్యాహ్నం టీ కదలదు, అప్పుడు పన్నెండు నుంచి నాలుగు దాకా మజ్జిగ, నిమ్మకాయ సోడా పెట్టుకోండి, పాల ప్యాకెట్లు ఐస్ బాక్సులో ఉంచి కావాల్సినప్పుడు కావాల్సినన్నే తియ్యండి, ఒక్క విరిగిన ప్యాకెట్ గిన్నె మొత్తాన్ని పాడు చేస్తుంది. తాగే నీళ్ళ కుండ ఒకటి బయట పెట్టండి, టీ తాగని వాళ్ళకి కూడా.

రేటు పెంచాల్సి వస్తుంది ఎప్పుడో ఒకప్పుడు, పాలు పెరుగుతాయి, గ్యాస్ పెరుగుతుంది. అప్పుడు చాలామంది చేసే పని కప్పు చిన్నది చెయ్యడం లేకపోతే నీళ్ళు పెంచడం, రెండూ తాగేవాడికి ఆ రోజే తెలిసిపోతాయి. దానికంటే పది రోజుల ముందే బోర్డు రాసి పెట్టండి, ఫలానా తేదీ నుంచి రెండు రూపాయలు ఎక్కువ, పాల రేటు పెరిగింది అని. రోజూ వచ్చేవాళ్ళు నాలుగు రోజులు గొణుగుతారు, టీ అలాగే ఉంటే ఐదో రోజు నుంచి మామూలే.