మాస్టారి చేతిలోంచి సంస్థని ఇంకొకరి చేతికి ఎలా ఇవ్వాలి (మేం పడ్డ పాట్లతో సహా)

చెన్నైలో చిన్న సొసైటీ మాది, స్కూలు పిల్లలకి అహింస పాఠాలు చెప్తాం, అంటే కొట్టుకోకుండా గొడవ ఎలా తేల్చుకోవాలి, కోపమొస్తే ఏం చెయ్యాలి, అలాంటివి. కొరుక్కుపేట వైపు తెలుగు పిల్లలు ఎక్కువ కాబట్టి సగం తెలుగు సగం తమిళం. సంస్థ పెట్టింది మాస్టారు, 19 ఏళ్ళు ఆయనే నడిపారు, పోయినేడాది దిగారు. సెక్రటరీని కాబట్టి ఆ పని మొత్తం నా నెత్తిన పడింది. మీ దగ్గర కూడా ఇలాంటి పెద్దాయనో పెద్దావిడో ఉంటే ఇది పనికొస్తుంది.

మొట్టమొదట మాట ఎత్తాలి, అదే కష్టం. మనలాంటి సంస్థలకి ఒక జబ్బుంది, మొహమాటాన్నే అహింస అనుకుంటాం. పిల్లలకేమో నచ్చనిది ఎదుటివాడికే మర్యాదగా చెప్పు అని నేర్పిస్తాం, మేం మాత్రం మాస్టారికి ఓపిక తగ్గిందని రెండేళ్ళు మెట్ల మీద గుసగుసలాడుకున్నాం, ఒక్కరూ ఆయన దగ్గర అనలేదు. కమిటీ మీటింగులో అడక్కండి, నలుగురి ముందు ఎవరికైనా రోషం వస్తుంది. ఆయన ఎవరి మాట వింటారో ఆ ఒక్కరే ఇంటికెళ్ళి కూర్చోవాలి, "దిగిపోతారా" అని కాదు, "ఎప్పుడు దిగుదాం అనుకుంటున్నారు మాస్టారూ" అని అడగాలి. తేదీ చెప్పేదాకా లేవొద్దు.

ఆయన నొచ్చుకుంటే 1930 గుర్తు చెయ్యండి, మేం అదే చేశాం. ఉప్పు సత్యాగ్రహంలో నన్ను పట్టుకెళ్తే తర్వాత ఎవరు అన్నది గాంధీ ముందే ఏర్పాటు చేసుకున్నారు. మే మొదటి వారంలో ఆయన్ని అరెస్టు చేస్తే అబ్బాస్ త్యాబ్జీ అందుకున్నారు, అప్పటికి ఆయనకి డెబ్భై దాటాయి, ఆయన్నీ పట్టుకెళ్తే మే 21న గుజరాత్‌లో ధరాసన ఉప్పు కొటార్ల దగ్గర సరోజినీ నాయుడు ముందు నిలబడ్డారు. పని ఆగలేదు కదా. మాస్టారు ఇది ఎన్నోసార్లు క్లాసులో చెప్పారు, తనకి వర్తిస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదట, ఆయనే నవ్వేశారు.

కొత్తవాళ్ళని ఎంచుకోవడం గురించి ఎక్కువ చెప్పను. బయటినుంచి తెచ్చినా లోపలివాళ్ళే అయినా పర్లేదు, పిల్లల ముందు కూర్చోబెట్టి ఒక క్లాసు చెప్పించి చూడండి, ఇంటర్వ్యూ కన్నా అదే నయం. మేం మా వాలంటీర్లలోనే ఒకావిడని తీసుకున్నాం.

ఇప్పుడు అసలు పని. సంస్థలో సగం మాస్టారి బుర్రలో ఉంటుంది, ఫైళ్ళలో ఉండదు. ఏ హెడ్మిస్ట్రెస్‌కి ఫోన్ చేస్తే చాలు, ఎవరికి స్వయంగా వెళ్ళి లెటర్ ఇవ్వాలి, ఏ దాత జనవరి 30కి ముందు గుర్తు చేస్తేనే ఇస్తాడు, అక్టోబర్ 2 ప్రోగ్రాంకి మైకు సెట్టు ఎవరిది, డిసెంబర్ 15న మైలాపూర్‌లో పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనానికి పిల్లల్ని తీసుకెళ్ళాలంటే ముందు ఎవరికి చెప్పాలి (1952లో 58 రోజుల దీక్ష తర్వాత ఆయన పోయిన రోజు అది, మా తెలుగు పిల్లలకి ఆ కథ ఇక్కడే మద్రాసులో జరిగిందని తెలిస్తే కళ్ళు పెద్దవైపోతాయి). రాసివ్వండి మాస్టారూ అంటే రాయరు. పక్కన కూర్చుని మాట్లాడించి మీరే రాసుకోండి, రోజుకి గంట చొప్పున మాకు మూడు వారాలు పట్టింది. తర్వాత ప్రతి స్కూలుకీ ఇద్దరూ కలిసి ఒకసారి వెళ్ళాలి, అక్కడ "ఇకనుంచి ఈవిడే" అనే మాట మాస్టారి నోటినుంచే రావాలి, మనం చెప్తే చెల్లదు.

కాగితాల సంగతి. తమిళనాడు సొసైటీల చట్టం 1975 కింద రిజిస్టర్ అయితే కమిటీ గడువు మూడేళ్ళకి మించదు, కాబట్టి కమిటీ మారేటప్పుడే దీన్నీ కలిపి జనరల్ బాడీలో తీర్మానం చేసేసుకోండి, కమిటీలో ఎవరు మారారో చెప్పే ఫారం 7 రిజిస్ట్రార్‌కి పంపండి. విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ ఉంటే ముఖ్యమైన పదవుల్లో మనుషులు మారారని చెప్పే ఎఫ్‌సీ-6ఈ ఫారం కూడా ఉంది, మార్పు జరిగిన 45 రోజుల్లోపు ఆన్‌లైన్లో. బ్యాంకులో మాత్రం జాగ్రత్త, కొత్త సంతకం ఎక్కిందని ఖాయమయ్యాకే పాతది తీయించండి. మేం తొందరపడి ఒకేసారి లెటర్ ఇచ్చాం, వాళ్ళు పాతది వెంటనే తీసేసి కొత్తది ఎక్కించడానికి మూడు వారాలు తీసుకున్నారు, క్లాసులు చెప్పే ఇద్దరమ్మాయిలకి డబ్బులు నా జేబులోంచి ఇచ్చా.

ఇంకోటి, పోర్టల్స్ అన్నిట్లో ఎవరి మొబైల్ నంబర్ ఉందో ముందే చూసుకోండి. విరాళాల స్టేట్‌మెంట్ ఇన్‌కమ్ టాక్స్‌కి మే 31లోపు వెయ్యాలి కదా, ఆడిటర్ 31 సాయంత్రం ఓటీపీ అడిగాడు, అది వెళ్ళింది మాస్టారి ఫోన్‌కి, మాస్టారేమో తిరుమలలో దర్శనం క్యూలో ఉన్నారు, ఫోన్ డిపాజిట్ కౌంటర్లో. రాత్రి పదిన్నరకి ఆయన బయటికొచ్చి ఫోన్ ఆన్ చేసి మాకు చేసేదాకా నేను, ఆడిటర్ గోవిందా గోవిందా అనుకుంటూ కూర్చున్నాం. మర్నాడే సంస్థ పేరు మీద ఒక సిమ్ తీసుకున్నాం.

ఇవన్నీ అయ్యాక కూడా ఒక తప్పు చేశాం. కొత్తావిడ మొదటి క్లాసుకి మాస్టారిని వెనక బెంచీలో కూర్చోబెట్టాం, అండగా ఉంటారని. ఏడో తరగతి. ఆవిడ "మీ పెన్ను వాడు లాక్కుంటే ఏం చేస్తారు" అని అడిగింది, పిల్లలందరూ జవాబు వెనక్కి తిరిగి మాస్టారికి చెప్తున్నారు. ఆయన ఊరుకుంటే బానే ఉండేది, "అలా కాదమ్మా, ముందు ఊపిరి పీల్చమని చెప్పు" అన్నారు. ఆవిడ మొహం మాడిపోయింది. ఆయన తప్పేం లేదు, కూర్చోబెట్టింది మేం. అందుకే ఆర్నెల్లు క్లాసులకి గానీ ఆఫీసుకి గానీ రాకూడదు, పిలిస్తే తప్ప, అని మినిట్స్‌లోనే రాయండి, ఆయన చేత కూడా సంతకం పెట్టించండి. సలహాదారు లాంటి పదవి కావాలంటే ఆ ఆర్నెల్ల తర్వాత చూసుకోవచ్చు.

వాట్సాప్ గ్రూపు కూడా ఉంది కదా. అందులోంచి ఆయన్ని మీరు తీసేయకండి, అవమానంగా ఉంటుంది, ఆయన్నే బయటికెళ్ళమని అడగండి. మాస్టారు పెద్ద మెసేజ్ ఒకటి టైప్ చేసి, పెట్టకుండా చెరిపేసి, ఆ ఎగ్జిట్ ఎక్కడుందో చూపించు అని ఫోన్ నాకే ఇచ్చారు.