వంటింటి పక్కన ఏ మొక్కలు పెట్టాలి? పోపు మాడకముందే కోసుకొచ్చేలా

పొయ్యి మీద ఆవాలు చిటపటమంటున్నప్పుడు గుర్తొస్తుంది, కరివేపాకు లేదని. చెప్పులేసుకుని, మెట్లెక్కి, డాబా మీది కుండీ దాకా వెళ్ళొచ్చేసరికి పోపు మాడిపోతుంది. అందుకే వంటింటి మొక్కలకు నేను పెట్టుకున్న లెక్క ఒక్కటే: తలుపు నుంచి పది అడుగుల లోపు. అంతకంటే దూరమైతే దాన్ని మామూలు తోట అనుకోండి.

1. చోటు, కుండీ

రోజుకు నాలుగైదు గంటలు ఎండ తగలాలి. అడుగున చిల్లులుంటే పెయింట్ డబ్బా అయినా చాలు. మట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, గుప్పెడు ఇసుక. దీని కోసం గంటలకొద్దీ వీడియోలు చూడక్కర్లేదు. బియ్యం కడిగిన నీళ్ళు పోయండి, అంట్లు తోమిన సబ్బు నీళ్ళు వద్దు.

2. సులువైనవి ముందు

పుదీనా కొనక్కర్లేదు. బజారు కట్టలోంచి ముదురు కాడలు నాలుగు తీసి తడిమట్టిలో గుచ్చండి. దాని కుండీ దానికే ఉండాలి. పక్కన ఇంకేదైనా పెడితే నెలల్లో పాకి ఆక్రమించేస్తుంది. కొత్తిమీరకు ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి, అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపే. ఎండల్లో వేస్తే నాలుగాకులు రాకముందే పూతకొచ్చేస్తుంది. వామాకు కొమ్మ గుచ్చితే బతుకుతుంది (పోపుల డబ్బాలోని వాము వేరే మొక్క, వాసన కలిసిందని ఈ పేరు). నిమ్మగడ్డిని నడిచే దారి పక్కన పెట్టకండి, ఆకు అంచు చెయ్యి కోస్తుంది.

3. వాసన పూలు

ఎండ బాగా ఉంటే మల్లె పెట్టండి. మరువం, దవనం తప్పకుండా ఉండాలి, అవి లేకపోతే పెరట్లో ఏదో వెలితే. రేరాణి మాత్రం వంటింటి కిటికీ దగ్గర వద్దు. రాత్రి భోజనాల వేళకు దాని వాసన ముందు చారు వాసన తేలదు, పైగా దాని కాయలు విషం. గన్నేరైతే ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. తినే ఆకులు కోసే చోట దాన్ని ఉంచకూడదు. ఇక లావెండర్. ఫొటోలు చూసి కొంటారు, మన మే నెల ఎండకూ ఆ తర్వాతి ముసురుకూ అది పోతుంది. ఆ డబ్బుతో రెండు మల్లె అంట్లు వస్తాయి.

4. కరివేపాకు: ఇక్కడే అందరూ బోల్తా పడతారు

నర్సరీలో నిలువెత్తు మొక్క చూసి మోజుపడకండి. మోకాలెత్తుది చాలు. సంచి అడుగు తిప్పి చూడండి. వేళ్ళు చుట్టలు చుట్టుకుని బయటికి తన్నుకొస్తుంటే ఆ మొక్క ఆ సంచిలో చాలాకాలంగా మగ్గుతున్నట్టే. తర్వాత ముదురాకు ఒకటి తుంచి నలపండి. వాసన వేళ్ళకు అంటుకుని కాసేపటిదాకా పోకూడదు. నర్సరీవాళ్ళు మొహం చిట్లించినా సరే, వాసన చూడకుండా డబ్బులివ్వొద్దు.

ఒకే సంచిలో మూడు మొక్కలుంటే లాభమని మురిసిపోతారు. వేళ్ళు పెనవేసుకుని ఏదీ సరిగ్గా ఎదగదు. బలమైనది ఉంచి మిగతావి మట్టి దగ్గర కత్తిరించండి. పీకితే ఉంచుకున్న మొక్క వేళ్ళు కూడా కదిలిపోతాయి. బంకమట్టి గడ్డతో వచ్చిన మొక్కను అరగంట నీళ్ళలో ఉంచి, మట్టి మెత్తబడ్డాక వేళ్ళు తెగకుండా నాటాలి.

పక్కింటి చెట్టు కింద పిలక పీక్కొచ్చి నాటడం ఇంకో తప్పు. అది తల్లి వేరు మీద బతుకుతుంటుంది, సొంత వేళ్ళు అంతగా ఉండవు. వానాకాలంలో ముందు తల్లి వేరును పారతో తెంచి, పిలకను నెల రోజులు అక్కడే వదిలేసి, అప్పుడు మట్టిగడ్డతో ఎత్తండి. విత్తనమైతే చెట్టు మీద పండిన నల్ల పండు గుజ్జు తీసి వెంటనే వేయాలి. ఎండబెట్టి దాచినవి మొలవవు.

నాటేది తొలకరికే. హైదరాబాదు చలికి డిసెంబరు, జనవరిలో కరివేపాకు ఎదుగుదల ఆగిపోతుంది, ఆకు పసుపెక్కి రాలుతుంది. చచ్చిపోతోందని టెన్షన్ పడి రోజూ నీళ్ళు, ఎరువు పోస్తారు. అప్పుడు వేరు కుళ్ళి నిజంగానే చస్తుంది. నా మొదటి మొక్క అలాగే పోయింది, చాలదన్నట్టు డిసెంబరులో కుండీ కూడా మార్చాను. వేలు గుచ్చితే రెండు కణుపుల దాకా పొడిగా ఉంటేనే నీళ్ళు. ఎరువు, కత్తిరింపు ఫిబ్రవరి చివర్లో. విశాఖ, కాకినాడ వైపు చలి తక్కువ కాబట్టి ఈ బాధ అంతగా ఉండదు.

పుల్లమజ్జిగ సంగతి అడుగుతారు. పదింతలు నీళ్ళు కలిపి పదిహేను రోజులకోసారి నేనూ పోస్తాను, మా అత్తగారు పోసేవారు కాబట్టి.

కరివేపాకు నిమ్మ కుటుంబానిదే, అందుకే నిమ్మచెట్టును తినే సీతాకోకచిలుక పురుగులు దీన్నీ తింటాయి. చిన్నప్పుడు పిట్టరెట్టలా కనిపిస్తాయి, పెద్దయ్యాక పచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతాయి. ముట్టుకుంటే తల వెనక నుంచి రంగు కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన కొడతాయి. భయపడక్కర్లేదు, కుట్టవు. చేత్తో ఏరి అవతల పారేయండి. పోపులోకి పోయే ఆకు మీద మందు కొట్టొద్దు.

5. కోయడం

కరివేపాకును మొదటి ఏడాది కోయకండి. మొక్క నడుమెత్తు వచ్చాక చివరి చిగురు తుంచితే పక్క కొమ్మలేస్తుంది. ఆ తర్వాత కావలసినప్పుడల్లా కొమ్మ చివరను మూడు నాలుగు రెబ్బలతో కలిపి కత్తిరించండి, ఆ కింద మళ్ళీ చిగుళ్ళొస్తాయి. ఆకులు దూస్తే బోడి ఈనె మిగిలి ఎండిపోతుంది, అక్కడ ఇంకేమీ రాదు. పక్కింటివాళ్ళు అడిగితే మీరే కోసివ్వండి. "మేం కోసుకుంటాంలే వదినా" అన్నా వినకండి, దూసుకుపోతారు.