ఐర్లండ్‌లో ఫండింగ్ ఉన్న పీహెచ్‌డీ సీటు ఎలా సంపాదించాలి?

ముందు సరంజామా: రెండు పేజీల సీవీ, మార్కుల జాబితాలు, ఐఈఎల్‌టీఎస్ స్కోరు (చాలాచోట్ల 6.5 అడుగుతారు), రిఫరెన్సు ఇవ్వడానికి మీ పని దగ్గరుండి చూసిన ఇద్దరు ప్రొఫెసర్లు. కన్సల్టెన్సీ అక్కర్లేదు. మాస్టర్స్‌కు పంపడం వాళ్ల వ్యాపారం, పీహెచ్‌డీలో వాళ్లు చేసేదేమీ లేదు.

వెతకడం తేలికే. యూరాక్సెస్, ఫైండ్‌ఎపీహెచ్‌డీ సైట్లు చూడండి. ట్రినిటీ, యూసీడీ (యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్), గాల్వే, లిమరిక్ యూనివర్సిటీల పేజీలు చూడండి. నన్నడిగితే ఇన్‌సైట్, అడాప్ట్, కార్క్‌లోని టిండాల్ లాంటి పరిశోధన కేంద్రాల ప్రకటనలతోనే మొదలుపెట్టాలి. అక్కడ సాధారణంగా ప్రాజెక్టుకు డబ్బు వచ్చాకే మనిషి కోసం చూస్తారు. సొంత అంశం ఉన్నవాళ్లకు, పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ రీసెర్చ్ ఐర్లండ్ స్కాలర్‌షిప్ ఉంది: ఏడాదికి 25,000 యూరోల స్టైపెండ్, ఫీజుకు 5,750 యూరోల వరకు. దాని పాత పేరు ఐఆర్‌సీ (ఐరిష్ రీసెర్చ్ కౌన్సిల్)తో వెతికితే పాత పేజీలే దొరుకుతాయి. 2024 ఆగస్టులో అది ఎస్ఎఫ్ఐ (సైన్స్ ఫౌండేషన్ ఐర్లండ్)తో కలిసి రీసెర్చ్ ఐర్లండ్ అయింది.

‘ఫీజు మేమే కడతాం’ అని చూసి సంబరపడిపోకండి. కొన్ని ప్రకటనల్లో అది ఈయూ విద్యార్థుల ఫీజు వరకే. మనకు ఫీజు ఎక్కువ. ఆ తేడా ఎవరు కడతారో మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

ఇక అందరూ పాడుచేసేది గైడ్‌కు రాసే మొదటి మెయిల్. ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలుపెట్టి, ఒకే ఉత్తరాన్ని నలభై మందికి పంపుతారు. అందులో సగం మంది మేడమ్‌లు! మీ విశ్వవిద్యాలయం గొప్పది, మీ పరిశోధన నన్ను ఎంతో ఆకర్షించింది లాంటి వాక్యాలు ఎవరికైనా సరిపోతాయి. అందుకే ఎవరూ చదవరు.

ఆయనదో ఆవిడదో ఈ మధ్య వచ్చిన పేపరు ఒక్కటి తీసుకుని పూర్తిగా చదవండి. అబ్‌స్ట్రాక్ట్ చదివి సరిపెట్టుకుంటే మొదటి వాక్యంలోనే దొరికిపోతారు. ఉదాహరణకు, ‘మీరు వాడిన డేటాలో ఇంగ్లీషే ఉంది. తెలుగులాంటి భాషకు ఈ పద్ధతి పనిచేస్తుందా? నా ఎంటెక్ ప్రాజెక్టులో ఇదే ఇబ్బంది వచ్చింది’ అని రాయండి. ఈ మూడు వాక్యాలు మీ పర్సంటేజీ కంటే ఎక్కువ పనిచేస్తాయి. ఆ తర్వాత మీరెవరో రెండు ముక్కలు, చివర ఒకే ప్రశ్న: వచ్చే ఏడాదికి స్థానం ఉందా? మొత్తం ఫోన్ తెరమీద ఒక్కసారికే కనిపించాలి. సీవీని పీడీఎఫ్‌గా జతచేయండి, డ్రైవ్ లింకు పెట్టకండి. జవాబు రాకపోతే పది రోజుల తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి, అంతే. మూడోసారి రాస్తే బతిమాలినట్టు ఉంటుంది.

రీసెర్చ్ ఐర్లండ్ దరఖాస్తుకు గైడ్ ముందే ఒప్పుకోవాలి. గడువు ఎక్కువగా అక్టోబరు ప్రాంతంలో పడుతుంది కాబట్టి మెయిల్ వేసవిలోనే వెళ్లాలి. రిఫరెన్సు ఇచ్చేవాళ్లను వారం ముందు నుంచే వెంటపడండి, లేకపోతే ఆఖరి రోజు టెన్షన్ మీదే.

ఆఫర్ వచ్చిన రోజే ఇంటి వేట మొదలుపెట్టండి, ముఖ్యంగా డబ్లిన్ అయితే. వీసా ఖర్చు కాక, అక్కడ దిగాక ఐఆర్‌పీ (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు) రిజిస్ట్రేషన్‌కు 300 యూరోలు విడిగా ఉంచుకోండి.