ఘాట్ ఎక్కే బండికి ఏ ఆటోమేటిక్?
ఎస్.కోట దాటి అనంతగిరి వైపు మట్టిదారుల్లో తిరగడానికి ఆటోమేటిక్ బండి కొంటున్నారా? ముందు గేర్‌బాక్స్ రకం అడగండి. నా మాట వింటే టార్క్ కన్వర్టరే తీసుకోండి. అందులో ఇంజిన్ శక్తి ఆయిల్ ద్వారా గేర్లకు అందుతుంది కాబట్టి బురద ఎత్తులో అంగుళం అంగుళం పాకినా క్లచ్ మాడే టెన్షన్ లేదు. ఏఎంటీలో, అంటే మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్, గేర్లు మోటార్లు వేసే రకంలో, ఉండేది మామూలు క్లచ్చే. మొన్న వానల్లో మా బావ ఏఎంటీ బండి ఎత్తు మధ్యలో నిలబడిపోయింది, లోపలంతా మాడు వాసన.

మహీంద్రా థార్ ఆటోమేటిక్‌లో 6 గేర్లు, మారుతి జిమ్నీలో 4. రెండూ టార్క్ కన్వర్టర్లే. గేర్లు తక్కువని జిమ్నీని తీసిపారేయకండి, రాళ్లదారిలో అసలు పని 4ఎల్‌ది, అంటే నాలుగు చక్రాలకూ నెమ్మదిగా, ఎక్కువ బలంగా లాగుడు ఇచ్చే లో రేంజ్‌ది. థార్‌లో అది లేని టూ వీల్ డ్రైవ్ రకం కూడా ఉంది, చూసుకోండి.

దిగేటప్పుడు మాత్రం డీలో (మామూలు డ్రైవ్ మోడ్‌లో) వదిలేయకుండా చిన్న గేరులో పెట్టండి. బ్రేకులు వేడెక్కితే పట్టవు.