ఓపెనర్ లేకుండా టిన్ను డబ్బా తెరవడం

గోదావరికి వరద వచ్చి కోనసీమ లంక గ్రామాల్లో రాకపోకలు పడవల మీదికి మారిన రోజుల్లో, ఇంట్లో మిగిలిన రసగుల్లాల డబ్బా గాని పైనాపిల్ ముక్కల డబ్బా గాని పిల్లల ఆకలి తీర్చగలదు. అయితే దాన్ని తెరిచే ఓపెనర్ చాలా ఇళ్లలో ఉండదు. రేకు డబ్బాలకు ఇంగ్లండులో 1810లోనే పేటెంటు లభించినా, అమెరికాలో ఓపెనర్‌కు పేటెంటు 1858లో వచ్చింది. అంతవరకు జనం ఉలి, సుత్తి వాడేవారు.

మూత ఉబ్బినా, అంచు కారుతున్నా, ఆ డబ్బాను తెరవకుండానే పారవేయండి. అందులోని విషం వాసనకు, రుచికి తెలియకపోవచ్చు. డబ్బా వరద నీటిలో తడిసి ఉంటే కాగితం తీసివేసి, సబ్బుతో కడిగి, మరుగుతున్న నీటిలో రెండు నిమిషాలు ఉంచి చల్లారనివ్వాలి.

నా దృష్టిలో అన్నింటికంటే మేలైన సాధనం గరుకైన సిమెంటు చప్టా. మూతను అంచుకు బిగించేది రేకు మడతే కనుక, ఆ మడత అరిగితే మూత ఊడుతుంది. డబ్బాను తలకిందులుగా బోర్లించి, గట్టిగా అదిమి ముందుకూ వెనక్కూ రుద్దుతూ, మధ్యమధ్య ఎత్తి చూడాలి. చప్టా మీద తడి కనిపించగానే ఆపకపోతే పాకమంతా నేలపాలవుతుంది. అప్పుడు డబ్బాను నిలబెట్టి, రేకు పొడిని తుడిచి, పక్కలను నొక్కితే మూత పైకి లేస్తుంది. నున్నని టైల్స్ మీద ఇది సాధ్యం కాదు.

అలాంటిచోట గట్టి స్టీలు చెంచా కొనను మూత లోపలి అంచున ఒకేచోట ఓపికగా రుద్దితే రేకు పలచబడి చిల్లుపడుతుంది. కత్తి మాత్రం జారుతుంది, దయచేసి వాడకండి.