మనసుతో మెలగడం - 3వ పాఠం: టెన్షన్‌కు అసలు పేరు

టెన్షన్ వచ్చినప్పుడు అది ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చూసుకోమని పోయిన వారం చెప్పాను. దవడలోనా, మెడలోనా, కడుపులోనా? అది పట్టుకోగలిగితే ఈ వారం పని సులువు. దానికి పేరు పెట్టాలి.

మా బాబాయి గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చినప్పుడు నేనూ వెంట ఉన్నాను. అనుకున్న ధర పలకలేదు. "ఏం లేదురా, బానే ఉన్నా" అంటూనే చేతిలోని మిరపకాయను గింజలు రాలేదాకా నలిపేశాడు. దవడ బిగిసింది, మెడ మీద నరం కొట్టుకుంటోంది. నోటితో ఒప్పుకోలేదు కానీ ఒళ్ళు కొట్లాటకు సిద్ధమైపోయింది.

అలాంటప్పుడు మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు వదులుతాయి. గుండె వేగం, బీపీ, రక్తంలో చక్కెర పెరుగుతాయి. పాము ఎదురైతే ఇదే మనల్ని కాపాడుతుంది. రోజూ ఇదే తంతయితే మాత్రం ఒళ్ళు అరుగుతుంది. మతిమరుపు జబ్బున్న అయినవాళ్ళకు సేవ చేస్తున్న ఆడవాళ్ళను 1995లో అమెరికాలో పరిశీలించారు. వాళ్ళ చేతి మీద చేసిన చిన్న గాయం మానడానికి మిగతావాళ్ళకంటే సుమారు 9 రోజులు ఎక్కువ పట్టింది. 2004లో కొందరు తల్లుల రక్తకణాలు చూశారు. ఒత్తిడి ఎక్కువగా ఉందన్నవాళ్ళలో, క్రోమోజోముల చివర ఉండి వయసుతోపాటు పొట్టిబడే టెలోమియర్లు మరింత పొట్టిగా కనిపించాయి. ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసే మన అమ్మలు గుర్తొచ్చి నాకు మనసు చివుక్కుమంది.

టీ కొట్టు దగ్గర బాబాయిని మళ్ళీ అడిగాను: "కోపమా? అవమానమా?" కాసేపు గ్లాసు వైపే చూసి, "అప్పు తీరదేమోనని భయంరా" అన్నాడు. ఆ మాటతో పెద్ద ఊపిరి వదిలాడు. అప్పుడుగానీ, కొన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెడితే అద్దె ఎంతవుతుందని లెక్క మొదలుపెట్టలేదు.

రోషం, ఉక్రోషం, బెంగ, దిగులు, కుళ్ళు, బెదురు. ఇన్ని మాటలుండగా అన్నిటినీ టెన్షన్ అనేస్తున్నాం. "వాడి వల్లే" అని కాకుండా "నాకు బెంగగా ఉంది" అని మెల్లగా పైకి అనండి. తర్వాత నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెదాకా వచ్చే వేగస్ నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. అయిదు నిమిషాలు చాలు.

ఈ వారం రోజుకు మూడుసార్లు, ఆ క్షణానికి సరిపోయే పేరు నోటుబుక్కులో రాయండి. ఒక్క మాట చాలు. బీపీ మాత్రలు వాడుతుంటే మాత్రం ఆపకండి.